పచ్చి గోడ

మొన్న మాఘమాసంలో మా మేనకోడలు, గుంటూరు నుంచి తుళ్లూరు వెళ్ళే దారిలో కొనుక్కున్న ఫ్లాటులో పాలు పొంగిస్తూ నన్ను రమ్మని మరీమరీ చెబితే, మోకాళ్ళు వద్దంటున్నా పొదిలిలో బస్సెక్కి వెళ్ళాను. లిఫ్టు దిగి గుమ్మం దాటానో లేదో, ఎదురుగా హాల్లో గోడ నిండా ఎర్రటి ఇటుకలు కనిపించాయి. పూత లేదు, రంగు లేదు, ఒక ఇటుక కాస్త ఎక్కువ కాలి నల్లబడింది, ఇంకొకటి మూల విరిగింది, అచ్చం బట్టీలోంచి తీసిన ఇటుకలే. ఇలాంటి గోడని ఎన్నేళ్ళకి చూశాను, అదీ మా వాళ్ళ ఇంట్లో అనుకుని, పీట మీద కూర్చోమంటున్నా వినకుండా నేరుగా వెళ్ళి అరచెయ్యి ఆనించాను. నున్నగా, గాజు పళ్ళెంలా తగిలింది. అనుమానం వచ్చి గోటితో గీకాను. ఆ గోడ పని చేసిన మనిషి భోజనానికి పిలిస్తే వచ్చి అక్కడే ఉన్నాడు, గబగబా దగ్గరికొచ్చి, "గీకకండి తాతగారూ. అది ఇటుక కాదండి, ఇటుక లుక్కు" అన్నాడు.

మరి లోపల గోడ దేంతో కట్టారయ్యా అని అడిగాను. ఇటుకతోనేనట. ఇటుకతో కట్టి, దాని మీద సిమెంటు పూత పూసి, దాని మీద ఇంకేదో తెల్లటి పూత పూసి, నునుపు చేసి, ఆ నునుపు మీద ఇటుక బొమ్మ ఉన్న పలకలు అతికించారట. అంటే ఉన్న ఇటుకని దాచిపెట్టి, దాని ఫొటో తీసుకొచ్చి దాని మొహాన్నే తగిలించారన్నమాట. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. రెండూ కలిసి ఏదో అనబోతే మేనకోడలు మొహం చిన్నబుచ్చుకోవడం చూసి, శుభమా అని పిలిస్తే ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకుని, ఆ గోడకి వీపు పెట్టి కూర్చుని భోజనం చేశాను. కానీ తిరుగు బస్సులో గుంటూరు దాటింది మొదలు పొదిలి వచ్చేదాకా కళ్ళ ముందు ఒకే మనిషి, ఒకే గోడ. మన ఈడు వాళ్ళకి చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. మిగతా వాళ్ళు చదివినా నాకేం అభ్యంతరం లేదు గానీ, వాళ్ళు చదవరు.

నేను బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకానే. మిగతా చదువంతా పొగాకు బ్యారన్ల దగ్గర జరిగింది. మెట్ట ప్రాంతం వాళ్ళకి బ్యారన్ అంటే చెప్పక్కర్లేదు గానీ తెలియని వాళ్ళ కోసం చెబుతాను. చేలో కోసిన పచ్చి ఆకుని కర్రలకి కట్టి, ఎత్తుగా కట్టిన నాలుగు గోడల మధ్య అంతస్తులు అంతస్తులుగా వేలాడదీసి, బయట పొయ్యిలో మంట పెట్టి గొట్టాల గుండా వేడి పంపి, ఆకుని బంగారు రంగుకి తెచ్చే కట్టడం అది. ఆ పొయ్యి దగ్గర ఎప్పుడూ ఒక మనిషి కూర్చుని ఉండాలి. ఆ మనిషిని నేను. వేడి చూసుకుంటూ కూర్చోవడం తప్ప ఇంకో పని లేదు కనక, కొట్లో సరుకు కట్టిచ్చిన పొట్లాల కాగితాలతో మొదలుపెట్టి, పాత పత్రికలు, తర్వాత ఎవరో పారేసిన ఇంగ్లీషు డిక్షనరీ, ఇలా చేతికి దొరికిందల్లా చదివాను. పొగాకు ధరలు పడిపోయి, పొదిలి పక్కన మా ఊళ్ళో బ్యారన్లు ఒక్కొక్కటీ ఖాళీ పడుతున్న రోజుల్లో, అలా ఖాళీ పడ్డ దానిలో నాలుగు బల్లలు వేసి, పత్రికలు పరిచి, దానికి చదువుల గది అని పేరు పెట్టుకున్నాను. వచ్చేవాళ్ళు తక్కువ. సినిమా పేజీ కోసం వచ్చేవాళ్ళు కొందరు, ఎండ తప్పించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరు. ఆడవాళ్ళెవరూ గడప తొక్కలేదు.

తొంభైల చివర్లో ఒక వేసవి మధ్యాహ్నం, రోడ్డు మీద ఒక కారు చెడిపోయి ఆగింది. అందులోంచి ఎర్రగా కమిలిపోయిన పొడుగాటి ముసలాయన దిగి, డ్రైవరు బోనెట్ ఎత్తి తిట్టుకుంటుంటే పట్టించుకోకుండా, చేనుకి అడ్డం పడి మా బ్యారన్ దగ్గరికి నడిచొచ్చాడు. తల ఎత్తి గోడని చాలాసేపు చూశాడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, ఇంగ్లీషులో, ఇందులో ఏ దేవుడుంటాడని అడిగాడు. కిటికీలు లేని ఎత్తయిన గోడలు, పైన గాలి పోవడానికి చిన్న కప్పు, చూసి గుడి అనుకున్నాడు పాపం. పొగాకు అని చెప్పాను. ఆయన నవ్విన నవ్వుకి బ్యారన్ కప్పులో పావురాలు లేచిపోయాయి.

ఆయన ఫ్రెంచి దేశస్థుడు. పాండిచ్చేరి పక్కన ఉంటున్నాడు, హైదరాబాదు వెళుతున్నాడు. పేరు మా ఎవరి నోటికీ తిరగలేదు. ఆయన ఇంగ్లీషు వచ్చీరానిది, నాది డిక్షనరీలోంచి ఏరుకున్నది. ఇంగ్లీషు వచ్చని పొదిలి నుంచి పిలిపించిన కాలేజీ పంతులుగారికి ఆయన మాట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఇద్దరికీ రాని భాష కావడం వల్ల మా ఇద్దరికీ బాగా కుదిరింది. కారు బాగయ్యాక వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, ఈసారి పెట్టెతో. ఊళ్ళో ఉన్న బ్యారన్లన్నీ కొలిచి బొమ్మలు గీసుకున్నాడు. మా వదిన ఇంట్లో వసారా ఖాళీగా ఉంటే అక్కడ మకాం పెట్టాడు. మా వదిన గురించి తర్వాత చెబుతాను, ఈ కథంతా ఆవిడ చుట్టూనే తిరగాలి.

ఈయన ఏం పని చేస్తాడని ఊరంతా నన్నే అడిగింది. డిక్షనరీ చూసి, వాస్తుశిల్పి అని చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. అవి వాస్తు పిచ్చి ముదిరి జనం వంటిళ్ళు పడగొట్టి మళ్ళీ కట్టుకుంటున్న రోజులు. మర్నాడు పొద్దున్నే వసారా ముందు జనం. మా గేటు ఎటు పెట్టమంటారు, మా బోరు ఎక్కడ వేయమంటారు అని ఒకటే గొడవ. ఆయన ఓపిగ్గా ప్రతి ఇంటికీ వెళ్ళి, చెయ్యి పైకెత్తి గాలి ఎటు వస్తోందో చూసి, ఎండ ఎటు పడుతుందో చూసి, ఈ పడమటి కిటికీ మూసి అటు ఒకటి తెరవండి అని చెప్పేవాడు. వాళ్ళు చేసేవాళ్ళు, ఇల్లు చల్లబడేది, ఫ్రెంచి వాస్తు భలే పని చేస్తోందని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవాళ్ళు. నేను తల బాదుకునేవాణ్ణి. ఆయన మాత్రం, తన దేశంలో ఇంతమంది తన సలహా ఎప్పుడూ వినలేదని సంబరపడేవాడు.

ఆ మాట నవ్వుతూ అన్నా, దాని వెనక ఉన్నది చిన్న సంగతి కాదు. సాయంత్రాలు బ్యారన్ మెట్ల మీద కూర్చుని, వక్కపొడి నములుతూ, కొంచెం కొంచెంగా చెప్పాడు. పుట్టింది బొగ్గుగనుల ఊళ్ళోనట. తండ్రి గనిలో పని, తల్లి ఇళ్ళల్లో బట్టలు ఉతికేది. ఈయన పిల్లవాడిగా ఉన్నప్పుడు యుద్ధంలో బాంబులు పడి వీధి వీధంతా పోయింది. చెక్కల పాకల్లో పెరిగాడు, చలికాలంలో పాక గోడకి మంచు లోపలివైపు పేరుకునేదట. అప్పుడే అనుకున్నాడట, పెద్దయ్యాక అందరికీ ఇళ్ళు కట్టే పని చేస్తానని. పగలు ఒక పెద్ద ఆర్కిటెక్టు దగ్గర బొమ్మలు గీస్తూ, సాయంత్రాలు చదువుకుంటూ పైకొచ్చాడు. యుద్ధం తర్వాత దేశమంతా ఇళ్ళు కావాలి, త్వరగా కావాలి, చవగ్గా కావాలి. ఊరి బయట మైదానంలో బారుగా, ఆకాశమంత మేడలు కట్టాడు, వేల మంది ఉండేవి. కాంక్రీటు పోసి చెక్కలు తీసేశాక దాని మీద ఏ పూతా పూయలేదు. చెక్క గీతలు కాంక్రీటు మీద అచ్చు పడితే అలాగే ఉంచాడు. దేనితో కట్టామో అది కనబడాలి, గోడ అబద్ధం చెప్పకూడదు అనేది వాళ్ళ తరం పట్టుదల అట. బహుమతులు వచ్చాయి, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, వేరే దేశాల నుంచి కుర్రవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు.

ఉండే వాళ్ళకి మాత్రం అది నచ్చలేదు. లిఫ్టులు ఆగిపోయేవి, గోడలు చెమ్మ పట్టి ఏడ్చేవి, వాన పడితే ఆ బూడిదరంగు గోడల మీద నల్లటి చారలు దిగేవి. అందులో ఉంటున్నామని చెప్పుకోవడానికి జనం సిగ్గుపడేవాళ్ళట. చివరికి ఊరి పెద్దలు కూర్చుని, బాగు చేయడం కంటే కూల్చడం తేలికని తేల్చారు. మందుగుండు పెట్టి కూల్చే రోజున జనం తండోపతండాలుగా వచ్చారట, తిరునాళ్ళకి వచ్చినట్టు. ఈయన కూడా వెళ్ళి గుంపులో నిలబడ్డాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. మేడ మోకాళ్ళ మీద కూలబడ్డట్టు కూలింది, దుమ్ము లేచింది, జనం చప్పట్లు కొట్టారు. పక్కన నిలబడ్డ ఒకావిడ మాత్రం ఏడుస్తోందట, పిల్లల్ని అందులోనే కని పెంచిందట. ఆవిడకి తానెవరో చెబుదామని నోరు తెరిచి, చెప్పలేక వచ్చేశానన్నాడు. ఆఫీసు మూసేశాడు. భార్య అప్పటికే లేదు. పిల్లలు లేరు. పాండిచ్చేరి వచ్చి పడ్డాడు. అప్పటి నుంచి ఒక్క గోడ కట్టలేదు.

ఇదంతా చెప్పినవాడు, కొన్నాళ్ళకి, నా చదువుల గది ఉన్న పాత బ్యారన్ కప్పు వానకి కుంగిపోతే, నేను కట్టిపెడతానని ముందుకొచ్చాడు. ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు, పడిపోయిన బ్యారన్ల ఇటుక ఊరు ఇచ్చింది, చాకిరీ తలా ఒక చెయ్యి వేశాం. ఎలా కట్టాడో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. బ్యారన్ లాగే ఎత్తయిన గోడలు, కానీ పైవరసల్లో ఇటుకకీ ఇటుకకీ మధ్య కంతలు వదిలి, వేడి గాలి అటు పోయేట్టు, వెలుతురు ఇటు వచ్చేట్టు చేశాడు. శ్లాబు పోసేటప్పుడు కింద పలకల మీద తాటాకు చాపలు పరిపించాడు, పలకలు తీశాక చూస్తే కప్పంతా చాప అల్లిక అచ్చు పడి ఉంది. రోహిణికార్తెలో కూడా లోపల కూర్చుంటే ఒంటికి హాయిగా ఉండేది.

ఇక ఆ మాట సంగతి. ఆయన తెలుగు నేర్చుకోవాలని తెగ తాపత్రయపడేవాడు. పూత లేని గోడని ఏమంటారని తాపీమేస్త్రిని అడిగితే, పచ్చి గోడ అన్నాడు. పచ్చి అంటే ఏమిటని నన్నడిగాడు. చెప్పడం మొదలుపెడితే నాకే ఆశ్చర్యం వేసింది. పచ్చి మిరపకాయ, పచ్చి ఆకు, పచ్చి ఇటుక, పచ్చి పాలు, పచ్చి నిజం. పచ్చి అబద్ధం కూడా. నిజానికీ అబద్ధానికీ ఒకే మాటా అని పొంగిపోయాడు. వాళ్ళ భాషలో కూడా పూత లేని కాంక్రీటుకి సరిగ్గా ఇలాంటి మాటే ఉందట, దాని పేరు మీదే ఆ కట్టడాల తరహాకి పేరొచ్చిందట, ఆ మాటనే వాళ్ళ జనం తర్వాత తిట్టుగా వాడారట. మీ మాట ఇంకా తిట్టు కాలేదు, దీన్ని నేను తీసుకుంటాను అన్నాడు. అది మొదలు ఎవరొచ్చినా, సర్పంచి వచ్చినా, పాలవాడు వచ్చినా, గోడ దగ్గరికి తీసుకుపోయి, అరచేత్తో తట్టి, "పచ్చి గోడ. పచ్చి" అని గొప్పగా చూపించేవాడు.

నేను ఆయనకి చెప్పని అర్థం ఒకటి ఉంది. తట్టలేదు నాకు, మగవాణ్ణి కదా. పచ్చి బాలింత.

మా వదిన, అంటే మా అన్న భార్య, అన్న పోయిన దగ్గర్నుంచీ ఊళ్ళో పురుళ్ళన్నీ ఆవిడే చూసుకునేది. ఆసుపత్రిలో కన్నా సరే, ఇంటికొచ్చాక బాలింతకి నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం, చెవులకి గుడ్డ చుట్టడం, కారప్పొడి అన్నం తినిపించడం ఈవిడ చేతి మీదుగా జరగాల్సిందే. పురుటి ఇంటి తలుపు ఓరగా తీసి ఉంటే చాలు, వీధిలోంచే కేకలు వేసేది. ఆవిడ దృష్టిలో ఈ లోకంలో పచ్చిగా ఉన్నదేదైనా సరే, దాని మీద ఏదో ఒకటి కప్పాలి. ఫ్రెంచాయన్ని అన్నయ్యగారూ అనేది, ఆయన ఆవిడ వండిన చింతచిగురు పప్పు తినేవాడు, ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు.

చదువుల గదికి కొత్త హాలు పూర్తయింది. కానీ పూర్తయిందని ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. మన వైపు పూత లేని గోడ అంటే అర్థం ఒకటే, చేతిలో డబ్బయిపోయింది అని. టీకొట్టు దగ్గర నేను గొంతు చించుకుని, అది అలా వదిలెయ్యడమే ఒక పద్ధతి అని చెబితే, అవునవును, మా బావ ఇల్లు కూడా ఆ పద్ధతిలోనే ఆగిపోయిందని ఎగతాళి చేశారు. ఈలోగా ఆయన కళ్ళు మసకలు కమ్మి, శుక్లాలు తీయించుకోవడానికి వాళ్ళ దేశం వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరే పొద్దున గోడ పక్కన నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, "నేను కట్టినవేవీ నిలబడలేదు. ఇది ఇలాగే ఉంటే చాలు నాకు" అన్నాడు. నేను చూసుకుంటానని మాటిచ్చాను. ఊళ్ళో నా మాటకి ఎంత విలువుందో ఆయనకి తెలియదు, పాపం.

ఆయన అటు వెళ్ళగానే, మిరపకాయలు కల్లాల్లోంచి లేచి, కూలిపనులు తగ్గిన రోజుల్లో, ఒకరోజు హాలు ముందు ఇసుక కుప్ప కనిపించింది. సిమెంటు బస్తాలు దిగాయి. మా వదిన పుట్టింటి తరఫు తాపీమేస్త్రులు పరంజా కడుతున్నారు. ఆడవాళ్ళు సిమెంటు మాలు మోసే బొచ్చెలు పట్టుకుని బారులు తీరారు. ఇంటింటికీ తిరిగి, తలా ఇంత అని పోగు చేసి, అన్నయ్యగారు కొత్త కళ్ళతో వచ్చేసరికి గోడ పూర్తి చేసి చూపించాలని నిర్ణయించేశారట. నేను పరిగెత్తుకెళ్ళి పరంజాకి అడ్డం నిలబడ్డాను.

"ఏమయ్యా," అంది మా వదిన, నెత్తి మీద బొచ్చె దించకుండానే, "ఆయన నోటితో ఆయనే చెప్పుకుంటుంటే నీకు వినబడలేదా? వచ్చిన ప్రతి మనిషికీ గోడ తట్టి పచ్చి గోడ, పచ్చి గోడ అని చూపించాడు. సాయం అడగలేక అలా చెప్పుకున్నాడు."

"వదినా, ఆయన గొప్పగా చెప్పుకున్నాడు. అదే అందమంటాడు."

"పచ్చి బాలింతని గాలిలో నిలబెట్టి అందం అంటే, నువ్వు చదివిన పుస్తకాల్లో రాసుందేమో. నేను చూస్తూ ఊరుకోను. తప్పుకో, సిమెంటు గట్టిపడిపోతుంది."

నేను తప్పుకోలేదు. ఆ దేశంలో కూల్చిన మేడల సంగతి చెప్పాను, దేనితో కట్టామో అది కనబడాలన్న సంగతి చెప్పాను, పొరుగు మనిషి చేసిన పనిని అడక్కుండా మార్చే హక్కు ఎవరిచ్చారని అరిచాను. ఆడవాళ్ళు నా పక్క నుంచి, అటొకరు ఇటొకరు, కాలవలో రాయిని తప్పుకుని నీళ్ళు పోయినట్టు పోయి, మాలు అందించేశారు. సాయంత్రానికి ఒక గోడ అయిపోయింది. నాకు గొంతు పోయింది. తర్వాత రోజుల్లో సున్నంలో నీలిమందు కలిపి లేత నీలం వేశారు, కింద ఎర్రమట్టి అంచు దిద్దారు, గుమ్మానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. కప్పు జోలికి మాత్రం వెళ్ళలేదు. తల ఎత్తి చూసి, పైన చాప కప్పే ఉందిగా అన్నారట. ఆ మాటకి నవ్వొచ్చేది గానీ, అప్పుడు నేను నవ్వే స్థితిలో లేను. మా వదిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడం మానేశాను. అక్కడ మేడ కూల్చితే దేశం వదిలి వచ్చినవాడు, దీన్ని చూసి ఏమైపోతాడో అని, తిండి సహించేది కాదు.

ఆయన రానే వచ్చాడు. పొదిలి నుంచి ఆటోలో, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. ఊరి ఆడవాళ్ళంతా హాలు ముందు ముగ్గు వేసి నిలబడ్డారు. ఆటో దిగి, అద్దాలు తీశాడు. తీసి, చూసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. హాలు చుట్టూ నడిచాడు. ఎక్కడైనా ఒక ఇటుక మిగిలిందేమో అని వెతుకుతున్నట్టు అనిపించింది నాకు. ముందుకి వచ్చి అరచెయ్యి గోడకి ఆనించాడు. చేతికి నీలం సున్నం అంటుకుంది. దాన్నే చూసుకుంటూ ఉండిపోయాడు. ముగ్గు దగ్గర ఒకావిడ ఇంకో ఆవిణ్ణి గిల్లితే, ఆవిడ ఊరుకోమని కసరడం నాకు వినబడింది.

మా వదిన ముందుకొచ్చింది. "చూడండి అన్నయ్యగారూ, పచ్చిదనం పోయింది. ఇక గాలి తగిలినా భయం లేదు."

ఏమంటోంది అని ఆయన నా వైపు తిరిగాడు. నాకున్న కోపానికి, నీ గోడని పాడుచేసి మురుస్తోందని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ మొహం చూశాక, ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. మా భాషలో కొత్తగా పురుడు పోసుకున్న తల్లిని కూడా పచ్చి అంటాం, నువ్వు ఆ మాట అందరికీ చెబుతుంటే, నీ గోడ అలాంటి తల్లి అని వీళ్ళు అనుకున్నారు, అందుకని కప్పారు, అని చెప్పాను. నా ఇంగ్లీషులో అది ఎంత వంకరగా వచ్చిందో నాకే తెలుసు. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

అప్పుడాయన ముగ్గు తొక్కకుండా చూసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "అక్కడ నా గోడలు పడుతుంటే చప్పట్లు కొట్టారు. ఇక్కడ చలి వేస్తుందని దుప్పటి కప్పారు" అన్నాడు. కళ్ళు తుడుచుకోబోతే, ఆపరేషన్ అయిన కళ్ళు, చెయ్యి పెట్టకూడదు అని మా వదిన కేకేసి, తన పైట చెంగుతోనే అద్దింది. తర్వాత ఆయన వదినని ఒక ప్రశ్న అడగమని నాకు చెప్పాడు. బాలింతకి ఎన్నాళ్ళు కప్పి ఉంచుతారు అని.

"ఒంట్లో సత్తువ వచ్చేదాకా," అంది వదిన. "సత్తువ వస్తే తనే తీసేసుకుని లేచి తిరుగుతుంది. మనం చెప్పక్కర్లేదు."

సరే, అయితే మనం కూడా చూద్దాం అన్నాడాయన. అంతే, మళ్ళీ ఆ గోడ గురించి ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను వదినతో మాట్లాడటానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది, నా సంగతి వేరు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పూత పడే దాకా నా చదువుల గదిలోకి ఆడమనిషి రాలేదు. వాళ్ళ చేత్తో పూసుకున్నాక, అది వాళ్ళదైపోయింది. మిరపకాయల తొడిమలు తీసే గంపలు తెచ్చుకుని మధ్యాహ్నాలు అక్కడే కూర్చునేవాళ్ళు, అక్షరం వచ్చినావిడ సీరియలు పైకి చదివేది, రానివాళ్ళు వింటూ ఆ సీరియల్లో అత్తగారిని తిట్టేవాళ్ళు. నాలుగేళ్ళు, అయిదేళ్ళు, ఆ ఘాటుకి తుమ్ముతూ తుమ్ముతూ పేపరు చదువుకున్నాను. నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని జనం, ఒక నీలం గోడ కోసం వచ్చారు. ఆయన ఏడాదికోసారి వచ్చి, ఆ మిరపఘాటులో కూర్చుని, తలెత్తి చాప కప్పుని చూసుకునేవాడు. తర్వాత రావడం తగ్గింది. పాండిచ్చేరి వైపు నుంచి పని మీద పొదిలి వచ్చిన ఒకాయన, ఫలానా పెద్దమనిషి పోయి చాలాకాలమైందని మాటల్లో చెబితే తెలిసింది. ఆ మాట వదినకి చెప్పాను. వెళ్ళి వసారాలో ఆయన పడుకున్న మంచం ఎత్తి గోడకి నిలబెట్టింది. ఆ తర్వాత ఆవిడా ఎక్కువ కాలం లేదు.

ఇప్పుడు హాల్లో ఎవరూ చదవరు. తొడిమలు తీసే పని కూడా కోల్డుస్టోరేజీల దగ్గరికి పోయింది. బల్లల మీద ఎవరివో ఎరువుల బస్తాలు. పోయిన వానాకాలం నుంచి పూత ఊడుతోంది. మొదట కంతల దగ్గర, తర్వాత మూలల్లో, పెచ్చులు పెచ్చులుగా. వెనక ఎర్రటి ఇటుక, ఆయన పేర్చింది పేర్చినట్టే ఉంది. దీన్ని చూసి ఊళ్ళో కుర్రాళ్ళు కమిటీ వేసి, హాలుని బాగు చేయిస్తామని నా దగ్గరికొచ్చారు. సంతోషించాను. ఎలా చేస్తారయ్యా అంటే, ఫోను తీసి బొమ్మ చూపించారు. మా మేనకోడలి ఇంట్లో చూసిందే. ఇటుక లుక్కు. వెనక ఇటుకే ఉంది కదరా, పూత గీకేస్తే చాలు కదా అన్నాను. "పాత ఇటుక తాతా, ఒక్కోటి ఒక్కోలా ఉంటది. టైలైతే నీటుగా ఉంటది" అన్నాడొకడు.

ఇదివరకటి నేనైతే ఆ పూట ఊరంతా వినబడేలా అరిచేవాణ్ణి. అరవలేదు. ఓపిక లేదు. ఆనాడు వదినతో అరిచానంటే, అరిస్తే అటునుంచి అంతకంటే గట్టిగా అరిచే మనిషి ఉండబట్టే. గీకొద్దు, అతికించొద్దు, నేను పోయేదాకా ఆగండి, తర్వాత మీ ఇష్టం అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, అదెంతో దూరం లేదని తోచిందేమో, సరే తాతా అని వెంటనే ఒప్పుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక హాలు మెట్టు మీద కూర్చున్నాను. ఆనాడు ఆయనా, వదినా ఒక మాటకి చెరో అర్థం చెప్పుకుని, ఒకరు విప్పాలన్నారు, ఒకరు కప్పాలన్నారు. ఇద్దరిదీ ఆ గోడ మీద బెంగే. ఇప్పుడు విప్పేదీ లేదు, కప్పేదీ లేదు, పైన అతికించేదే. పచ్చి అనే మాట నిజానికీ అబద్ధానికీ ఒకటేనని ఆయన అంత మురిసిపోయాడు గానీ, ఈ ఇటుక లుక్కు అబద్ధం కూడా కాదు. అబద్ధం చెప్పాలన్నా దేన్ని దాస్తున్నామో తెలియాలి కదా.

గాలి వీచింది. గుమ్మం పక్కన ఒక పెచ్చు, నీలం సున్నం వైపు కిందికి పెట్టి, నా కాలి దగ్గర రాలింది. అది ఉన్న చోట ఇటుక, ఎండ తగిలి వెచ్చగా ఉంది. బాలింత సత్తువ తెచ్చుకుని, కప్పిన గుడ్డ తనే తీసేసుకుని, లేచి తిరుగుతోంది వదినా అని చెబుదామనిపించింది. తల తిప్పి చూశాను. ఏమయ్యా అని పిలిచే గొంతూ లేదు, ఏమంటోంది అని నన్నడిగే మనిషీ లేడు.